ఆలస్యానికి కారణం

బస్సు చివరి స్టాపు మలుపు తిరగక ముందే మైకక్క చెయ్యి చొక్కా పై బొత్తాం మీదికి వెళ్ళిపోతుంది. ఇంకా ముప్ఫై మంది దిగాలి. సంచులు, గొడుగులు, ఎవరో ఒళ్ళో పెట్టుకున్న కుట్టు మిషను తల, ఎంత తట్టినా లేవని ఒక తాతయ్య. "దిగండి, దిగండి, ఆఖరి స్టాపు" అని ఆమె కేకేస్తే తాతయ్యే కాదు, షెడ్డు కింద పడుకున్న కుక్క కూడా లేచి కూర్చుంటుంది. ఆ గొంతు పుణ్యమా అని డిపోలో ఆమె అసలు పేరు హాజరు పట్టీలో తప్ప ఎక్కడా మిగల్లేదు. తనకన్నా పదిహేనేళ్ళు పెద్దవాళ్ళకి కూడా ఆమె మైకక్కే.

కేకేస్తూనే కిటికీలోంచి చూస్తుంది. షెడ్డు కింద నల్ల గొడుగు కనపడాలి. గొడుగు కింద అత్త, అత్త భుజం మీద నాలుగు నెలల చంటిది. గొడుగు కనపడగానే ఒక కంగారు పోయి ఇంకో కంగారు మొదలవుతుంది. బండి ఆగింది పది ఇరవైకి. మళ్ళీ కదలాల్సింది పది ఇరవై ఏడుకి. ఆ ఏడింట్లో జనం దిగడానికి ఒకటిన్నర నిమిషం, కంట్రోలర్ గదికి పరిగెత్తి ట్రిప్పు షీటు మీద సంతకం పెట్టించుకోవడానికి రెండు. మిగిలిన మూడున్నరలో గొంతు తడుపుకోవాలా, మరుగుదొడ్డికి వెళ్ళాలా అన్నది ఎవరికి వాళ్ళు తేల్చుకోవాలి. రెండూ కుదరవు. ఈ టైములు వేసిన మహానుభావుడి దృష్టిలో కండక్టరంటే రెండు కాళ్ళు, రెండు చేతులు, ఒక గొంతు. అంతకు మించి ఆ ఒంట్లో ఏమీ ఉండదు.

చంటిదానికి కడుపు నిండటానికి పదకొండు నిమిషాలు పడుతుంది. తొందరపెట్టి చూసింది మైకక్క. బుగ్గ మీద తట్టింది, చెవి తమ్మె నిమిరింది. అది ఇంకా నెమ్మదించి, కళ్ళు పైకెత్తి తల్లి మొహంలోకి తీరిగ్గా చూడటం మొదలెట్టింది. "దానికి గడియారం చూడ్డం వచ్చాక చెబుదువుగానిలే" అంది అత్త.

అందుకని వెనక నుంచి రెండో సీటు వాళ్ళది. కిటికీ రేకు దించేస్తారు. అత్త నడవలో గొడుగు విప్పి పట్టుకుని నించుంటుంది, బస్సు లోపల వాన పడుతున్నట్టు. సంతకం పని డ్రైవరు చూసుకుంటాడు. రిటైర్మెంటుకి రెండేళ్ళున్న మనిషి, ఆమె బాబాయ్ అని పిలుస్తుంది. సంతకం అయిపోయాక ఆయన బండి ముందు నిలబడి, పొద్దున్నే తుడిచిన అద్దాన్ని మళ్ళీ తుడుస్తాడు. ఎవరైనా ఎక్కబోతే, "ఆగండి, లోపల చిన్న రిపేరు" అంటాడు.

బండి పది ముప్ఫై రెండుకి కదులుతుంది. మళ్ళీ మధ్యాహ్నం ఒంటిగంటన్నర ట్రిప్పులోనూ అదే వరస. రోజుకి రెండుసార్లు, ఐదేసి నిమిషాలు. ట్రిప్పు షీటులో చివరగా ఓ గడి ఉంటుంది, దాని నెత్తిన "ఆలస్యానికి కారణం" అని అచ్చేసి ఉంటుంది. అందులో మైకక్క రెండుసార్లూ "ట్రాఫిక్" అని రాస్తుంది. నిజానికి ఆ చివరి స్టాపులో ఆ వేళకి ఉండే ట్రాఫిక్కల్లా ఇందాకటి కుక్క, దాని నాలుగు పిల్లలు. అది షెడ్డు కింద ఓ పక్కకి ఒరిగి వాటికి పాలిస్తూ ఉంటుంది. దాన్ని ఎవరూ కారణం అడగరు.

పదిహేడు రోజులుగా ఇదే పని. ప్రసవం సెలవు అయిపోయి డ్యూటీలో చేరిన నాటి నుంచీ ఆమె కాలుగాలిన పిల్లి. ఎక్కే జనంలో ఎవరి బిడ్డ ఏడ్చినా ఆమె గుండెల్లో పాలు పొంగుతాయి, చొక్కా తడుస్తుంది, టికెట్ల మిషను ఎత్తి ఆ తడికి అడ్డం పెట్టుకుని "టికెట్, టికెట్" అంటూ ముందుకు పోతుంది. ఇంటికెళ్ళినా కూర్చోదు. పొయ్యి దగ్గర ఉండగా గుడ్డలు గుర్తొస్తాయి, గుడ్డల దగ్గర ఉండగా పెద్దదాని పుస్తకాలు గుర్తొస్తాయి. తోటివాళ్ళు చెప్పి చూశారు, ఇంత తిప్పలెందుకు, డబ్బా పాలు అలవాటు చేస్తే పోలా అని. ఆ మాట అంటే చాలు ఆమె మొహం మూసేసిన తలుపైపోతుంది.

ఎందుకంటే, పెద్దది.

పెద్దదానికి ఆరేళ్ళు. ఇంట్లో దాన్ని బొంగరం అంటారు. ఎవరు మాట్లాడితే వాళ్ళవైపు గిర్రున తిరుగుతుంది, మొహంలో మొహం పెట్టి చూస్తుంది, అందుకని వాళ్ళ నాన్న పెట్టిన పేరు. అది పుట్టినప్పుడు మైకక్కది ఇంకా టెంపరరీ ఉద్యోగం. నలభై రెండు రోజులు సెలవిచ్చారు. నలభై మూడో రోజున రానంటే ఆ సీటులో కూర్చోడానికి ఇంకో పదిమంది సిద్ధంగా ఉన్నారు. అప్పట్లో ఆమెది ఊరు దాటి పోయే లాంగ్ రూటు, పొద్దున్న వెళ్తే సాయంత్రం రావడం. మొదటి వారం బాత్రూముల్లో పాలు పిండి పారబోసింది. రెండో వారం గడ్డలు కట్టి జ్వరం వచ్చింది. నాలుగో వారానికి పాలే లేవు. అత్త అప్పుడు ఇంకా ఓ అప్పడాల కంపెనీలో పనికి పోయేది, అందుకని పక్కింటావిడ చూసుకునేది పిల్లని. ఆవిడకి తన పిల్లలే ముగ్గురు. బొంగరాన్ని వెల్లకిలా పడుకోబెట్టి, పాలసీసాకి తువ్వాలు మడిచి ఎత్తు పెట్టి, తన పని తను చూసుకునేది. తప్పు పట్టడానికేం లేదు, ఆవిడకీ రెండు చేతులే.

ఇప్పుడు బొంగరం ఒకటో తరగతి. అక్కడ మొదలైంది అసలు బాధ. అక్షరాలు తారుమారు. టీచరు ఒకటి చెబితే ఇది ఇంకోటి రాస్తుంది. పద్యం అందరూ అయిపోగొట్టాక ఆఖరి ముక్క ఒక్కటే అంటుంది. టీచరమ్మ మంచిదే, సన్నటి గొంతు, నెమ్మదైన మనిషి, కానీ గదిలో యాభై ఎనిమిది మంది. అందులో బొంగరం ఆఖరి వరసలో, ఫ్యాను కింద. పోయిన నెల టీచరమ్మ మైకక్కని పిలిపించి, మీ అమ్మాయి కాస్త వెనకబడిందండీ, పరీక్షల తరవాత దీన్ని నెమ్మది పిల్లల సెక్షన్లో వేద్దామనుకుంటున్నాం అని చెప్పింది. నొచ్చుకుంటూనే చెప్పింది. చెబుతూ ఒక ఫారం ఇచ్చింది నింపమని.

ఆ ఫారంలో పదకొండో ప్రశ్న: బిడ్డ తల్లిపాలు ఎన్ని నెలలు తాగింది?

మైకక్క పెన్ను పట్టుకుని చాలాసేపు కూర్చుంది. చివరికి "ఒకటిన్నర" అని రాసింది. ఆ ఒక్క మాట రాయడానికి ఆమెకి పట్టినంత సేపు, ఆమెకిచ్చిన సెలవు పత్రం మీద సంతకం పెట్టడానికి ఎవరికీ పట్టి ఉండదు. తల్లి ఎన్ని నెలలు పాలిచ్చిందని అడిగే కాగితాలు ప్రతి బడిలోనూ, ప్రతి ఆసుపత్రిలోనూ దొరుకుతాయి. తల్లికి ఎన్ని నెలలు సెలవిచ్చారని అడిగే కాగితం ఒక్కటి కూడా దొరకదు. జవాబు ఆమెనే చెప్పమంటారు, తప్పూ ఆమె మీదే వేస్తారు.

ఆ ఫారం తరవాత ఆమెకి ప్రతిచోటా అదే కనిపించడం మొదలైంది. టీకాల కేంద్రం గోడ మీద పోస్టరు ఉంది: ఒక తల్లి వాలు కుర్చీలో కూర్చుని బిడ్డకు పాలిస్తూ నవ్వుతుంటుంది, కింద "తల్లిపాలే తెలివికి పునాది" అని రాసి ఉంటుంది. ఆ తల్లి చేతికి గడియారం లేదు. మైకక్క ముందు చూసింది అదే. పునాది అన్న మాట ఆ తరవాత చదివింది, చదివాక వదల్లేకపోయింది. పెద్దదాని పునాది నేనే తవ్వి పారేశాను, చిన్నదాని జోలికి ఎవర్నీ రానివ్వను. ఇది ఆమె ఎవరితోనూ పైకి అనలేదు. కానీ వేళ్ళు మాత్రం ఎప్పుడూ ఆడుతూనే ఉండేవి, టికెట్ల మిషను మీద, ఒళ్ళో, గాలిలో.

ఐదు నిమిషాలు ఆలస్యంగా బయల్దేరిన బండి ఆ ఐదు నిమిషాల్నీ ఎక్కడో ఒకచోట దొంగిలించాలి. డ్రైవరు బాబాయ్ సిగ్నళ్ళ దగ్గర దొంగిలించేవాడు. మైకక్క స్టాపుల్లో దొంగిలించేది. పద్దెనిమిదో రోజు మధ్యాహ్నం, బజారు మలుపులో, ఆఖరి మనిషి రెండో కాలు నేల మీద పెట్టకముందే ఆమె విజిల్ ఊదేసింది. బండి కదిలింది. దిగుతున్న మనిషి ప్లంబరు, భుజాన పనిముట్ల సంచి. సంచితో సహా బోర్లా పడ్డాడు. పైపు రెంచి రోడ్డు మీద దొర్లుకుంటూ పోయింది. మోకాలు చీరుకుపోయింది, అరచెయ్యి దోక్కుపోయింది, అంతకు మించి ఏమీ కాలేదు. అతను లేచి, కుంటుకుంటూ వచ్చి, మైకక్క ఏడు తరాల్నీ తలుచుకున్నాడు. ఆమె ఒక్క మాట ఎదురు చెప్పలేదు. ఆ గొంతు అలా మూగబోవడం ఆ రూటులో జనం మొదటిసారి చూశారు.

డిపోలో బండి పెట్టాక డ్రైవరు ఇంజను ఆపి, స్టీరింగు మీద చేతులు తియ్యకుండానే మాట్లాడాడు.

"ముప్ఫై మూడేళ్ళు నడిపాను తల్లీ. ఇంతవరకు ఒకరి చెప్పు కూడా తొక్కలేదు. నీ బిడ్డకి పాలు దొరకాలి, నేను కాదనను. కానీ ఇలా దొంగతనంగా కాదు. రేపు ఆ సంచీ మనిషి బదులు ఇంకో చంటిబిడ్డ తల్లి దిగుతుంటే?"

ఆమె తల ఊపింది. చొక్కా మళ్ళీ తడిసింది, ఇంటికి వెళ్ళే వేళ అయిందని దానికెలా తెలుస్తుందో ఏమో.

ప్లంబరు ఫిర్యాదు పెట్టాడు. పెట్టడం న్యాయమే. మూడో రోజుకి డిపో మేనేజరు పిలిచి, ఆలస్యాలూ ఎక్కువగానే ఉన్నాయి, ఆ రూటులో ట్రాఫిక్ నువ్వు తట్టుకోలేకపోతున్నట్టుంది, ఒకటో తారీఖు నుంచి లాంగ్ రూటు వేస్తున్నానని చెప్పాడు. శిక్ష అని ఆయన అనలేదు. ఆయన లెక్కలో అది సాయమే కూడా, లాంగ్ రూటులో స్టాపులు తక్కువ. ఆమె లెక్క వేరు. లాంగ్ రూటంటే పొద్దున్న వెళ్తే సాయంత్రం. అంటే మళ్ళీ అవే బాత్రూములు, అవే గడ్డలు, అదే జ్వరం. ఒకటో తారీఖుకి పదకొండు రోజులుంది.

గోరుచుట్టు మీద రోకలిపోటంటే ఇదేనంది అత్త. పాలివ్వడానికి టైమూ ఇవ్వరు, మనం చూసుకుంటే ఊరుకోనూ ఊరుకోరు, అమ్మ పెట్టదు అడుక్కు తిననివ్వదు అని రెండు రోజులపాటు గిన్నెలతో సహా అందరి మీదా విసుక్కుంది.

ఆ శనివారం చంటిదానికి టీకా. బడి ఒంటిపూటే కాబట్టి సంచి పట్టుకోవడానికి బొంగరాన్ని కూడా తీసుకెళ్ళింది మైకక్క. కేంద్రంలో అప్పుడే అయిదారుగురు చంటిపిల్లలు ఏడ్చి ఏడ్చి నిద్రపోయారు. మైకక్క లోపలికొస్తూనే "చీటీ ఎక్కడిస్తారమ్మా" అని అడిగేసరికి ముగ్గురు మళ్ళీ లేచారు. నర్సమ్మ పరుగున వచ్చింది. బొద్దుగా, కళ్ళద్దాలు ముక్కు చివర పెట్టుకుని ఉంటుంది. దణ్ణం పెట్టినంత పని చేసి, ఇక్కడున్నంతసేపూ గొంతు జేబులో పెట్టుకోవమ్మా అని బతిమాలింది. బెంచీ మీది తల్లులంతా నవ్వారు. మైకక్క కూడా సిగ్గుపడి నవ్వి, నోటికి తాళం వేసినట్టు సైగ చేసింది.

సూది పొడిచాక చంటిది గుక్కపట్టింది. దాన్ని భుజాన వేసుకుని, రెండడుగుల దూరంలో అటు తిరిగి నిలబడ్డ బొంగరంతో, "సంచిలో పొత్తిగుడ్డ తియ్యి" అంది మైకక్క, మామూలు మనుషులు మాట్లాడే గొంతుతో. అది కదల్లేదు. మళ్ళీ అంది. కదల్లేదు. పోస్టరు వంక చూస్తూ నిలబడింది.

"చూశారా, ఇదీ వరస" అంది మైకక్క నర్సమ్మతో, గుసగుసగానే. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "బళ్ళోనూ ఇంతే. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే అంటుంది మా అత్త. పాలు లేక ఇలా మొద్దుబారిపోయిందండీ. నా వల్లే."

నర్సమ్మ కుర్చీలోంచి లేచింది. మైకక్కని నోరు మూసుకోమని వేలు చూపించి, బొంగరం వెనకగా వెళ్ళి నిలబడింది. కుడి చెవి వైపు, జానెడు దూరంలో, "నీ పేరేంటి బంగారూ" అంది. ఏమీ లేదు. ఎడమ వైపు అంది. ఏమీ లేదు. అప్పుడు ముందుకొచ్చి, మొహం కనపడేలా వంగి, అదే గొంతుతో అదే మాట అంది. బొంగరం టక్కున పేరు చెప్పింది. తండ్రి పేరు చెప్పింది. అడక్కుండానే మా అమ్మ బస్సు నంబరు ఇరవై మూడు అని కూడా చెప్పింది.

"ఇంట్లో మీరంతా ఎలా మాట్లాడుకుంటారు?" అని అడిగింది నర్సమ్మ.

మైకక్కకి ప్రశ్న అర్థం కాలేదు. ఇంట్లో ఎలా మాట్లాడుకుంటారు? తనది మైకు గొంతు. భర్తది మగ్గాల మిల్లులో ఉద్యోగం, నూట ఇరవై మగ్గాల మోత మధ్య ఎనిమిది గంటలు అరిచి వచ్చినవాడు ఇంట్లోనూ అలాగే అరుస్తాడు. అత్త వీళ్ళిద్దరి మధ్యా తన మాట చెల్లించుకోవాలి కాబట్టి ఇంకాస్త అరుస్తుంది. ఉప్పు అందుకోమని ఆ ఇంట్లో ఎవరైనా అంటే పక్కింటివాళ్ళు గోడ మీదుగా అందించేటంత ధాటి. అందుకే ఆరేళ్ళలో ఎవరికీ తెలియలేదు. ఆ పిల్లకి ఇంట్లో అన్నీ వినపడుతున్నాయి. ఇంటి బయట ప్రపంచం మామూలు గొంతుతో మాట్లాడుతుందన్న సంగతి ఆ కుటుంబంలో ఎవరికీ తట్టలేదు.

నర్సమ్మ పెద్దాసుపత్రికి చీటీ రాస్తూనే అడగాల్సినవన్నీ అడిగింది. చిన్నప్పుడు చెవులు కారేవా? కారేవి, ఎన్నిసార్లో. పాలు ఎలా పట్టేవాళ్ళు? మైకక్క తువ్వాలు సంగతి చెప్పింది. నర్సమ్మ తలాడించింది. పడుకోబెట్టి సీసా పెడితే చెవులకి చీము పట్టే అవకాశం ఎక్కువ, తల్లిపాలు తాగే పిల్లల్లో ఆ బాధ కాస్త తక్కువ అంది. కచ్చితంగా అదే కారణమని ఎవరూ చెప్పలేరు, సీసాపాలు తాగిన వాళ్ళందరికీ రాదు, తల్లిపాలు తాగినా కొందరికి వస్తుంది అని కూడా అంది.

"మరి తెలివి?" అంది మైకక్క, పోస్టరు చూపిస్తూ. అసలు అడగాలనుకున్నది అదొక్కటే.

నర్సమ్మ కళ్ళద్దాలు తీసి తుడుచుకుంది. "చూడమ్మా, తల్లిపాలు మంచివి. తాగిన పిల్లలు చదువులో ఓ పిసరు ముందుంటారని లెక్కలు తీసినవాళ్ళు చెబుతున్నారు. పిసరే. అందులో పాల వంతు ఎంతో, ఎత్తుకుని కబుర్లు చెప్పే తీరికున్న ఇంటి వంతు ఎంతో, విడదీసి తేల్చడం వాళ్ళకే కష్టంగా ఉంది. పాలు లేకపోతే పిల్ల మొద్దవుతుందని మాత్రం ఎవరూ అనలేదు. ఆ గోడ మీదా లేదు. అలా చదివింది నువ్వే." చీటీ చింపి చేతిలో పెడుతూ మళ్ళీ అంది, "ఆ పోస్టరు పక్కన ఇంకోటి పెట్టమని ఎన్నిసార్లు రాశానో పైకి. సెలవులు ఇచ్చేవాళ్ళ కోసం. దాని మీద వాలు కుర్చీ బొమ్మ చాలు, తల్లి అక్కర్లేదు, ఖాళీగా పెట్టమన్నాను."

ఆ సాయంత్రం ఇంట్లో భర్త బొంగరం వెనక నిలబడి, జీవితంలో మొదటిసారి గొంతు తగ్గించి, "ఐస్‌క్రీమ్ తెచ్చుకుందామా" అన్నాడు. అది బొమ్మకి జడ వేసుకుంటూనే ఉంది. ఇంకోసారి అన్నాడు. ఆరేళ్ళ పిల్ల ఐస్‌క్రీమ్‌కి తిరగలేదు. అతను మెల్లగా మంచం మీద కూలబడ్డాడు. అత్త ఏదో అనబోయి, శంఖం మాట గుర్తొచ్చి, నాలుక కరుచుకుని వంటింట్లోకి వెళ్ళిపోయింది.

తరవాతి వారంలో పెద్దాసుపత్రి డాక్టరు చూసి, రెండు కర్ణభేరుల వెనకా జిగురు నీరు చేరి ఉంది, చాన్నాళ్ళదే, చిన్న గొట్టాలు పెడితే నీరు తగ్గిపోతుంది, వినికిడి చాలావరకు తిరిగొస్తుంది అన్నాడు. నెలా ఇరవై రోజుల తరవాతికి తారీఖు ఇచ్చాడు. ఆ కాగితం తీసుకెళ్ళి మైకక్క టీచరమ్మకి చూపించింది. మర్నాటి నుంచి బొంగరం మొదటి బెంచీలో. వారం తిరక్కుండానే అక్షరాలు తారుమారవడం సగం తగ్గింది. మొద్దుబారింది పిల్ల కాదు.

టీకా కేంద్రంలోనే పెద్దదాని సంగతి తేలింది కదా, ఆ రోజే మైకక్క నిమ్మళించాలి. నిమ్మళించలేదు. ఆ శని, ఆదివారాలు రెండు రోజులూ ఆమెకి నిద్ర సరిగ్గా లేదు, కానీ ఇది వేరే రకం కుదురులేనితనం. ఇన్నాళ్ళూ తన మీద తనే మోపుకున్న నేరం ఒక్కసారిగా దిగిపోయేసరికి, అది ఎవరి మీద పెట్టాలో తెలియక భుజాలు తహతహలాడాయి. ఆరేళ్ళ కింద పాలు పారబోసిన రోజుల ట్రిప్పు షీట్లు ఎక్కడో డిపో గదిలో కట్టలు కట్టి ఉండి ఉంటాయి. వాటిలో కూడా తను "ట్రాఫిక్" అనే రాసింది. బాత్రూములో గోడకానుకుని ఏడుస్తూ పాలు పిండిన పది నిమిషాలకీ ట్రాఫిక్కే.

సోమవారం పొద్దున్న, పది ముప్ఫై రెండుకి, అత్త గొడుగు మడిచి దిగిపోయాక, మైకక్క షీటు తీసి మోకాలి మీద పెట్టుకుంది. ఆలస్యానికి కారణం అన్న గడిలో "బిడ్డకు పాలు ఇచ్చాను, 5 నిమిషాలు" అని రాసింది. గడి చాలక అక్షరాలు పక్క గడిలోకి పోయాయి.

డ్రైవరు తొంగి చూశాడు. "రాసేశావా?"

"రాసేశాను బాబాయ్. ఇక బండి నెమ్మదిగానే పోనీ. ఆలస్యమైతే అవుతుంది, కారణం కాగితం మీదుంది."

ఆయన గడ్డం గోక్కున్నాడు. మధ్యాహ్నం ట్రిప్పు అయ్యాక తనే ఆ పెన్ను తీసుకుని, ఆ గడిలో "డ్రైవరుకు ఒంటికి, 2 నిమిషాలు, షుగరు ఉంది" అని రాసి, కింద సంతకం కూడా పెట్టాడు. ఆరేళ్ళుగా ఆ రెండు నిమిషాల్ని ఆయన సిగ్నళ్ళ దగ్గర దొంగిలిస్తున్నాడని మైకక్కకి అప్పుడే తెలిసింది.

కంట్రోలర్ షీటు చూసి, ఇలాంటివి కంప్యూటరు తీసుకోదమ్మా, అందులో ట్రాఫిక్, రిపేరు, వాతావరణం మూడే ఉన్నాయన్నాడు. అయితే వాతావరణం కింద వేసుకో అన్నయ్యా, మా చంటిదాని వాతావరణం అంది మైకక్క. అతను నవ్వాడు గానీ కొట్టెయ్యలేదు.

షీట్లు డిపో బల్ల మీద అందరూ చూసే చోటే ఉంటాయి. మంగళవారం ఇంకో లేడీ కండక్టరు "మరుగుదొడ్డి స్టాపుకి అరకిలోమీటరు, నడిచి వచ్చాను" అని రాసింది. బుధవారం ఒకాయన "అన్నం తిన్నాను" అని రాశాడు. గురువారానికి డిపోలో ట్రాఫిక్ దాదాపు మాయమైపోయింది. ఏళ్ళ తరబడి ఆ ఊళ్ళో రోడ్లని తిట్టించింది మనుషుల దాహాలూ ఆకళ్ళూ అని తేలింది.

శుక్రవారం మేనేజరు పిలిచాడు. ఆయన బల్ల మీద షీట్ల కట్ట ఉంది. చెడ్డవాడు కాదు, పైనుంచి కింద నుంచి నలిగిపోయే మనిషి.

"నువ్వు ట్రాఫిక్ అని రాసుకుంటూ పోతే నాకేం ఇబ్బంది లేదమ్మా" అన్నాడు. "ట్రాఫిక్‌కి పైవాళ్ళు ఏమీ అనరు. దీనికి నేనేం జవాబు చెప్పాలి?"

"ఏమీ అనరు కాబట్టే ఏమీ మారలేదు సార్" అంది మైకక్క. గదిలో ఉన్నది ఇద్దరే అయినా బయట వరండాలో అందరికీ వినపడింది. "ఆరేళ్ళ కింద నా పెద్దదానికి నలభై రెండు రోజులే పాలిచ్చాను. అప్పుడూ ట్రాఫిక్ అనే రాశాను. ఆ అబద్ధం నేను రాశాను, మీరు సంతకం పెట్టారు, అందరం బాగున్నాం. పిల్ల ఒక్కతే బాగా లేదు. చిన్నదానికి తెలివి వస్తుందో రాదో నాకు తెలీదు సార్. దానికి ఆకలేస్తుంది. అంతవరకు తెలుసు. లాంగ్ రూటుకి వెయ్యండి, వెళ్తాను. ప్రతి ట్రిప్పులోనూ బండి ఆపి పాలు పిండుకుంటాను, ప్రతిసారీ ఇదే గడిలో రాస్తాను."

మేనేజరు కట్టలోంచి ఒక షీటు లాగి, డ్రైవరు రాసిన ముక్క మళ్ళీ చదివాడు. "ఈయనకి షుగరని నాకెవరూ చెప్పలేదే" అన్నాడు.

"అడిగే గడి లేదు కదా సార్."

లాంగ్ రూటు ఉత్తర్వు రద్దు కాలేదు. "తరవాత చూద్దాం" అని పక్కన పెట్టారు. రెండు వారాలకి టైములు కొలిచే మనిషి స్టాప్‌వాచీతో వచ్చి మూడు రోజులు బండ్లలో తిరిగాడు. పన్నెండేళ్ళ కిందటి టైములట అవి, అప్పటికి ఈ రూటులో స్టాపులు సగమే. చివరి స్టాపులో విరామం ఏడు నుంచి పదమూడుకి పెంచారు. పాలివ్వడానికని ఎక్కడా రాయలేదు, "సిబ్బంది అవసరాల నిమిత్తం" అని రాశారు. తల్లులకో గది అడిగారు. గది ఇవ్వలేదు, గది కోసం కమిటీ వేశారు. మైకక్క, ఇంకో ఎనిమిది మంది ఆడవాళ్ళు ఇప్పటికీ నెల నెలా ఆ కమిటీ ఏమైందని అర్జీ పెడుతూనే ఉన్నారు. వదిలేలా లేరు.

బొంగరానికి చెవుల్లో గొట్టాలు పెట్టాక మొదటి శనివారం, అది నాయనమ్మతో కలిసి చివరి స్టాపుకి వచ్చింది. బస్సు రాగానే చెవులు మూసుకుంది. బస్సు ఇంత చప్పుడు చేస్తుందని నాకు ఎవరూ చెప్పలేదేంటి అని నాయనమ్మ మీద కోప్పడింది. ముందు సీటులో, డ్రైవరు వెనక, కిటికీలోంచి కుక్కపిల్లల్ని చూస్తూ కూర్చుంది. వెనక నుంచి రెండో సీటులో చంటిది పాలు తాగుతోంది. అత్త గొడుగు మామూలే.

మైకక్క గొంతు తగ్గించడం నేర్చుకుంటోంది. కష్టంగానే ఉంది, చేత్తో పట్టి కిందికి నొక్కుతున్నట్టుంటుంది. చంటిదాని మీదికి వంగి, పెదాలు కదిలీ కదలకుండా, "నెమ్మదిగా తాగు తల్లీ, ఇంకా ఐదు నిమిషాలుంది" అంది.

బస్సు అంత దూరంలో, అటు తిరిగి కూర్చున్న బొంగరం, వెనక్కి చూడకుండానే అడిగింది.

"ఐదు నిమిషాల్లో ఏంటమ్మా?"

డ్రైవరు అద్దం తుడవడం ఆపి లోపలికి చూశాడు. అత్త గొడుగు ఓ పక్కకి ఒరిగిపోయింది. చంటిది మాత్రం కళ్ళెత్తి తల్లి మొహంలోకి తీరిగ్గా చూస్తోంది. మైకక్క కుడికాలు, అలవాటు కొద్దీ, నడవలో టకటకా కొట్టుకుంటూనే ఉంది. ఆమె దాన్ని ఆపాలని చూసింది. ఆగలేదు. గడియారం చూసుకుంది. ఇంకా నాలుగున్నర.